ఎడమ సీటు వినని మాట: ల్యాండింగ్ ప్రమాదాలు, పైలట్ శిక్షణ, నియంత్రణ (ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. వెనక వరసల్లో వినిపిస్తోందా? సరే.

విమాన భద్రత అనగానే ఈమధ్య అందరి మనసూ అహ్మదాబాద్ మీదికే పోతోంది. అది టేకాఫ్ ప్రమాదం. ఇవాళ దాని జోలికి వెళ్లను. నా విషయం ల్యాండింగ్. అందులోనూ దిగకూడని స్థితిలో దిగడం.

పదేళ్ల తేడాతో మన దేశంలో రెండు ప్రమాదాలు జరిగాయి. 2010 మే 22న మంగళూరు, 2020 ఆగస్టు 7న కోళికోడ్. రెండూ ఎయిర్ ఇండియా ఎక్స్‌ప్రెస్ విమానాలే, రెండూ బోయింగ్ 737-800లే, రెండూ దుబాయ్ నుంచి వస్తున్నవే. రెండు చోట్లా గుట్ట తల చదును చేసి వేసిన రన్‌వే. దాన్నే టేబుల్‌టాప్ అంటారు. రెండూ రన్‌వే చివర దాటిపోయి కింద పడ్డాయి. మంగళూరులో 166 మందిలో 158 మంది పోయారు. కోళికోడ్‌లో 190 మందిలో 21 మంది, ఇద్దరు పైలట్లతో సహా. ఇంకొక్క పోలిక ఉంది, నేను ఇక్కడ నిలబడింది దాని కోసమే. రెండు విమానాల్లోనూ కుడి సీట్లో ఉన్న ఫస్ట్ ఆఫీసర్ ‘గో అరౌండ్’ అన్నారు. రెండిట్లోనూ ఎడమ సీట్లో ఉన్న కెప్టెన్ ఆ మాట ప్రకారం చెయ్యలేదు.

గో అరౌండ్ అంటే ఏమిటో తెలియనివాళ్లుంటారు. దిగబోతున్న విమానాన్ని దింపకుండా మళ్లీ పైకి లేపడం. 737లో ఆ పని ఇలా ఉంటుంది. ఇంజన్ల బలం పెంచే థ్రస్ట్ లీవర్ల మీదున్న టోగా బటన్ నొక్కాలి. ‘గో అరౌండ్, ఫ్లాప్స్ 15’ అని పైకే చెప్పాలి. రెండో పైలట్ ఫ్లాప్స్‌ను, అంటే రెక్కల వెనక కిందికి దిగే పలకల్ని, 15కి తేవాలి. ఇంజన్ల బలం నిజంగా పెరిగిందా లేదా అని గేజీ మీద కంటితో చూసి నిర్ధారించుకోవాలి. ముక్కు సుమారు 15 డిగ్రీలు పైకెత్తాలి. ఎత్తు పెరుగుతోందని మీటరు చూపించాకే చక్రాలు లోపలికి. ఇదంతా పది పదిహేను సెకన్ల పని. ఇందులో వీరత్వమూ లేదు, అవమానమూ లేదు. బస్సు డ్రైవరు స్టాపులో చోటు లేక ఇంకాస్త ముందుకు పోయి ఆపితే ఎవరైనా చిన్నతనం అనుకుంటారా?

ఇది ఎప్పుడు చెయ్యాలో నిబంధనలు అంకెలతో సహా చెబుతాయి. విమానం సాధారణంగా 3 డిగ్రీల వాలులో దిగుతుంది. ఒక నాటికల్ మైలుకి సుమారు 318 అడుగుల ఎత్తు తగ్గుతుంది. కాక్‌పిట్‌లో దీనికొక సులువు లెక్క ఉంది: నేల మీద వేగాన్ని ఐదుతో గుణిస్తే నిమిషానికి ఎన్ని అడుగులు దిగాలో వస్తుంది. వేగం 140 నాట్లయితే, అంటే గంటకి 140 నాటికల్ మైళ్లయితే, 700 అడుగులు. మేఘాల్లో ఉంటే 1000 అడుగుల ఎత్తుకి, నేల స్పష్టంగా కనిపిస్తుంటే 500 అడుగులకి విమానం కుదురుకుని ఉండాలి. కుదురుకోవడం అంటే చక్రాలు బయటికొచ్చి ఉండాలి, ఫ్లాప్స్ దిగే స్థితిలో ఉండాలి. వేగం లెక్కగట్టిన వేగానికి 20 నాట్లకి మించి ఎక్కువ ఉండకూడదు, తక్కువ అసలే ఉండకూడదు. దిగే రేటు నిమిషానికి 1000 అడుగులు దాటకూడదు. ఇంజన్లు ఐడిల్‌లో, అంటే కనీస బలంలో, పడుండకూడదు. చెక్‌లిస్టు అయిపోయి ఉండాలి. వీటిలో ఒక్కటి తప్పినా గో అరౌండే. ‘చూద్దాం, సర్దుకుంటుందిలే’ అన్న వెసులుబాటు ఆ కాగితంలో లేదు.

ఇంజన్లు ఐడిల్‌లో ఉంటే తప్పేమిటని అడగొచ్చు. జెట్ ఇంజన్ మోటార్ సైకిల్ కాదు, తిప్పగానే ఊపందుకోదు. ఐడిల్ నుంచి పూర్తి బలానికి రావడానికి ఎనిమిది సెకన్ల దాకా పట్టొచ్చు. బలం అడిగితే వెంటనే అందేలా ఇంజన్ కాస్త తిరుగుతూ ఉండాలి. బాగా ఎత్తున ఉండిపోయి గబగబా దిగుతున్న విమానంలో మాత్రం ఇంజన్లు తప్పనిసరిగా ఐడిల్‌లోనే ఉంటాయి. అంటే ఎత్తు తప్పు, వేగం తప్పు, తప్పించుకునే దారీ ఆలస్యం. మూడూ ఒకేసారి వచ్చిపడతాయి.

ఇప్పుడు మంగళూరు. ఆ ఉదయం పరిస్థితి ఎలా తయారైందో చెబుతాను. విమానాశ్రయ రాడార్ రెండు రోజుల ముందే పాడైంది. రాడార్ లేకపోతే కంట్రోలర్ విమానాల మధ్య దూరం ఎక్కువ ఉంచాలి. కాబట్టి 37,000 అడుగుల నుంచి దిగడానికి అనుమతి ఆలస్యంగా, సుమారు 80 మైళ్ల దూరంలో వచ్చింది. ఇది అసాధారణమేమీ కాదు, సర్దుకోవచ్చు. కానీ కాక్‌పిట్ రికార్డరులో ఉన్న రెండు గంటల ఐదు నిమిషాల్లో మొదటి గంటా నలభై నిమిషాలు కెప్టెన్ నిద్రలో ఉన్నారు. గాఢనిద్ర నుంచి లేచిన మనిషికి మెదడు పూర్తిగా పనిచెయ్యడానికి చాలా సమయం పడుతుంది. విమానం రన్‌వేకి రెండున్నర మైళ్ల దూరంలో ఉన్నప్పుడు 2500 అడుగులు అని యంత్రం గొంతు వినిపించింది. అక్కడ ఉండాల్సింది దాదాపు 800 అడుగుల్లో. అక్కణ్నుంచి నిమిషానికి దాదాపు 4000 అడుగుల చొప్పున కిందికి తోశారు. భూమి దగ్గర పడుతోందన్న హెచ్చరికలు ఒకదాని వెంట ఒకటి మోగుతూనే ఉన్నాయి.

రన్‌వే అంచు దాటేటప్పుడు ఎత్తు 50 అడుగులు, వేగం 144 నాట్లు ఉండాలి. ఉన్నది సుమారు 200 అడుగులు, 160 నాట్ల పైన. లెక్క వేసి చూడండి. 150 అడుగులు అదనంగా ఉంటే, 3 డిగ్రీల వాలు మీద నేల తాకే చోటు దాదాపు 2860 అడుగులు ముందుకి జరుగుతుంది. వేగం 144కి బదులు 160 అయితే ఆపాల్సిన శక్తి 23 శాతం పెరుగుతుంది, ఎందుకంటే శక్తి వేగం వర్గంతో పెరుగుతుంది. మంగళూరు రన్‌వే పొడవు 2450 మీటర్లు. మన శంషాబాద్ పెద్ద రన్‌వే 4260 మీటర్లు. శంషాబాద్‌లో ఈ తప్పు జరిగి ఉంటే అది బహుశా ఒక విచారణ కాగితంతో ముగిసేది. మంగళూరులో చక్రాలు నేల తాకేసరికి 5200 అడుగులు అయిపోయాయి, మిగిలింది 2800 అడుగులు.

ఇక్కడ చాలామందికి తెలియని సంగతి ఒకటుంది. ఆ స్థితిలో కూడా ఇంజన్ గాలిని ముందుకి మళ్లించి విమానాన్ని ఆపే రివర్సర్లు పూర్తిగా వాడి, బ్రేకులు గట్టిగా తొక్కి పట్టుకుంటే విమానం రన్‌వే మొదటి నుంచి 7600 అడుగుల లోపు ఆగేదని దర్యాప్తు లెక్క తేల్చింది. జరిగింది వేరు. రివర్సర్లు వేశాక కెప్టెన్ మనసు మార్చుకుని మళ్లీ పైకి లేవబోయారు. రివర్సర్ వేసిన తర్వాత ఆగడం తప్ప ఇంకో దారి లేదన్నది నిబంధన. రివర్సర్ తలుపులు మూసుకోవడానికి టైం పడుతుంది, ఒకటి మూసుకుని ఇంకోటి మూసుకోకపోవచ్చు, ఈలోగా రన్‌వే కరిగిపోతుంది. కుడి రెక్క రన్‌వే అవతలున్న, దిగే విమానాలకి దారి చూపే లోకలైజర్ యాంటెన్నా కాంక్రీటు దిమ్మెకి తగిలింది. ఆ తర్వాత లోయ.

గో అరౌండ్ చెయ్యాల్సినప్పుడు చెయ్యలేదు, చెయ్యకూడనప్పుడు చెయ్యబోయారు.

ఫస్ట్ ఆఫీసర్ మూడుసార్లు చెప్పారు. ఆయన కొత్తవాడేమీ కాదు, 3600 గంటలకి పైగా ఎగిరిన మనిషి. మరి ఆయన చేతులు ఎందుకు కదల్లేదు? రెండు వైపులా కంట్రోళ్లు ఉన్నాయి. టోగా బటన్ ఆయన చేతికీ అందుతుంది. దీనికి జవాబు ఒక్క మనిషిలో వెతికితే దొరకదు. అందుకే కోళికోడ్ కూడా చూడాలి.

కోళికోడ్ కథలో నిద్ర లేదు, వాన ఉంది. మొదట 28వ రన్‌వే మీద దిగబోయి గో అరౌండ్ చేశారు, సరైన పనే చేశారు. కెప్టెన్ వైపు వైపర్ సరిగా పనిచెయ్యలేదు. రెండోసారి అటువైపు నుంచి, అంటే 10వ రన్‌వే మీద దిగడానికి ఒప్పుకున్నారు. అటునుంచి వస్తే గాలి వెనక నుంచి తోస్తుంది. చివరి 500 అడుగుల్లో దిగే రేటు అదుపు తప్పింది, తర్వాత ఇంజన్ బలం పెరిగింది, విమానం నేల తాకకుండా తేలుతూ పోయింది. 8858 అడుగుల తడి రన్‌వేలో 4438 అడుగుల దగ్గర నేల తాకింది. వెనక గాలి 14 నాట్లు, నేల మీద వేగం 165 నాట్లు. ఇదే విమానం ఇదే గాలిని ఎదురుగా తీసుకుని దిగితే నేల మీద వేగం 137 చుట్టూ ఉండేది. 137కీ 165కీ తేడా చూడటానికి 28 నాట్లే. శక్తిలో తేడా 45 శాతం. వెనక గాలి ఎంత ఖరీదైనదో ఇంతకన్నా స్పష్టంగా చెప్పలేం. ఆ వేగంతో విమానం సెకనుకి 85 మీటర్లు పోతుంది. ‘ఇదిగో ఇప్పుడు తాకిస్తా’ అనుకుంటూ తేలిన ప్రతి సెకనుకీ 85 మీటర్ల చొప్పున రన్‌వే చెల్లిస్తున్నట్టే.

తడి రన్‌వే మీద ఇంకో చిక్కుంది. టైరుకీ నేలకీ మధ్య నీటి పొర చేరి టైరు తేలిపోతుంది. దానికొక పాత లెక్క ఉంది: టైరులో గాలి ఒత్తిడి పీఎస్ఐల్లో తీసుకుని, దాని వర్గమూలాన్ని 9తో గుణిస్తే వచ్చే నాట్ల దగ్గర ఈ జారుడు మొదలవుతుంది. ఒత్తిడి 200 అయితే 127 నాట్లు. 165తో దిగినవాడికి నీళ్లు నిలిచి ఉన్నచోట బ్రేకులు తొక్కినా ఫలితం వెంటనే అందకపోవచ్చు. అందుకే తడి రన్‌వే మీద విమానాన్ని మెత్తగా ఆనించకూడదు, గట్టిగానే దించాలి. చక్రాల మీద బరువు పడాలి, రెక్కలు ఇంకా పైకి లేపకుండా చేసే స్పాయిలర్ పలకలు లేవాలి, నీటి పొర తెగాలి. వానలో ‘ధబ్’మని దిగితే మనం పైలట్‌ని తిట్టుకుంటాం. తెలియనట్టు దిగితే చప్పట్లు కొడతాం. ఆ చప్పట్లు చాలాసార్లు తప్పు మనిషికి పడుతున్నాయి.

దర్యాప్తు నివేదిక చెప్పిన అసలు కారణం చదివితే ఒక వాక్యం నన్ను ఆపేస్తుంది. విమానం కుదురుకోకపోయినా కెప్టెన్ కొనసాగించారనీ, గో అరౌండ్ అన్న మాట విని కూడా దించారనీ చెప్పి అక్కడ ఆగలేదు. పర్యవేక్షిస్తున్న పైలట్ కంట్రోళ్లు తన చేతిలోకి తీసుకోవడంలో విఫలమయ్యారని కూడా రాశారు. మాట చెప్పడంతో ఫస్ట్ ఆఫీసర్ బాధ్యత తీరదు, చెయ్యి కూడా వెయ్యాలి. ఇది సరైన వాక్యం. అయితే ఆ చెయ్యి వేసే అలవాటు మనం ఎక్కడ నేర్పుతున్నాం?

మన పెంపకం సంగతి కాస్త మాట్లాడుకుందాం. మన ఇళ్లల్లో పెద్దవాళ్ల తప్పు ఎలా ఎత్తి చూపుతాం? ‘నాన్నా, దారి తప్పామేమో’ అంటాం. ‘తప్పాం’ అనం. ఆ ‘ఏమో’ మన మర్యాద. ఆఫీసులో ‘సార్, ఒక్కసారి చూస్తారా’ అంటాం. కాక్‌పిట్‌లో ఇంగ్లీషే మాట్లాడతారు, కానీ ఆ ‘ఏమో’ ఇంగ్లీషులోకి కూడా ఎక్కి కూర్చుంటుంది. కోళికోడ్ రికార్డరులో కూడా మొదట వినిపించినవి ఒకసారి చూడమన్నట్టు, కెప్టెన్ అని పిలిచినట్టు ఉండే చిన్న చిన్న మాటలే. గో అరౌండ్ అన్న మాట నేల తాకడానికి కాస్త ముందు వచ్చింది. ఎడమ సీట్లో పదివేల గంటలు దాటిన, వైమానిక దళం నుంచి వచ్చిన సీనియర్. కుడి సీట్లో రెండువేల గంటల లోపు మనిషి. ఈ ఎత్తుపల్లాన్నే అథారిటీ గ్రేడియంట్ అంటారు. వాలు మరీ నిటారుగా ఉంటే కింది మాట పైకి ఎక్కదు.

దీనికి మందు మర్యాద మానెయ్యమని చెప్పడం కాదు. పాఠం వల్ల మర్యాద పోదు. చేతికి అలవాటు కావాల్సింది ఒక మెట్ల వరస. మొదటి మెట్టు అంకె చెప్పడం: ‘సింక్ రేట్ 1500’, అంటే నిమిషానికి 1500 అడుగులు దిగుతున్నామని. అంకెలో ‘ఏమో’ ఇమడదు. జవాబుగా కెప్టెన్ ‘కరెక్టింగ్’ అని పలకాలి, పలకడమే కాదు, అంకె మారాలి. రెండోసారి చెప్పినా మాటా రాక, అంకే మారక పోతే కెప్టెన్ స్పృహలో లేనట్టే లెక్క. మూడో మెట్టు ‘ఐ హావ్ కంట్రోల్’. చేతులు విమానాన్ని నడిపే యోక్ మీదికి, టోగా నొక్కడం, ముక్కు పైకి. ‘గో అరౌండ్’ అన్న మాటకి మాత్రం రెండోసారి అవకాశం కూడా ఉండకూడదు. ఎవరి నోటి నుంచి వచ్చినా అది సలహా కాదు, ఆజ్ఞ. వాదనలు నేల మీద పెట్టుకోవచ్చు.

ఇక సిమ్యులేటర్. ఆరు నెలలకొకసారి పైలట్‌కి పరీక్ష ఉంటుంది. అక్కడ గో అరౌండ్ తప్పకుండా చేయిస్తారు. ఎలా? ఒక ఇంజన్ ఆపేసి, 200 అడుగుల దగ్గర రన్‌వే కనిపించలేదని చెప్పి. పైలట్‌కి అది వస్తుందని ముందే తెలుసు, చేతులు సిద్ధంగా ఉంటాయి. నిజ జీవితంలో గో అరౌండ్ రెండు ఇంజన్లూ బాగున్నప్పుడే వస్తుంది, ఎదురుచూడని క్షణంలో వస్తుంది, ఒక్కోసారి 20 అడుగుల ఎత్తులో వస్తుంది. ప్రయాణం చివర ఇంధనం తగ్గి విమానం తేలికగా ఉంటుంది. పూర్తి బలం ఇస్తే రాకెట్‌లా లేస్తుంది. అంత వేగంగా ముందుకు తోసినప్పుడు చెవిలోపలి సమతౌల్య వ్యవస్థ మోసపోయి ముక్కు మరీ పైకి లేచిందన్న భ్రమ కలుగుతుంది. పైలట్ ముక్కు కిందికి నొక్కుతాడు. 2016 మార్చిలో రష్యాలోని రోస్తోవ్‌లో ఫ్లైదుబాయ్ విమానం రాత్రిపూట గో అరౌండ్ చేస్తూనే నేలకూలింది. 62 మందిలో ఒక్కరూ మిగల్లేదు.

2016 ఆగస్టులో తిరువనంతపురం నుంచి దుబాయ్ చేరిన ఎమిరేట్స్ బోయింగ్ 777 ఇంకో పాఠం. గాలి మారడంతో విమానం రన్‌వే మీద తేలుతూ పోయింది, చక్రాలు తాకాయి, యంత్రం ‘లాంగ్ ల్యాండింగ్’ అని హెచ్చరించింది. పైలట్ గో అరౌండ్ నిర్ణయం తీసుకున్నారు, నిర్ణయంలో తప్పు లేదు. టోగా బటన్ నొక్కి ముక్కు ఎత్తారు. కానీ చక్రాలు నేల తాకాక ఆ బటన్ పనిచెయ్యకుండా ఆ విమానంలో ఏర్పాటు ఉంది. ఇంజన్లు ఐడిల్‌లోనే ఉండిపోయాయి. విమానం సుమారు 85 అడుగులు లేచి మళ్లీ కూలబడింది. బలం పెరగలేదని గమనించి లీవర్లు చేత్తో తోసేసరికి మూడు సెకన్లే మిగిలాయి. లోపలున్న 300 మందీ బతికారు, మంటలార్పుతూ ఒక అగ్నిమాపక సిబ్బంది చనిపోయారు. నేను మొదట్లో ‘గేజీ మీద కంటితో చూసి నిర్ధారించుకోవాలి’ అన్నాను గుర్తుందా? అది ఇందుకు.

కాబట్టి నా అభిప్రాయం ఇది. సిమ్యులేటర్ గంటల్లో ఒక భాగం తీసి, ముందు చెప్పకుండా, రెండు ఇంజన్లతో, తేలిక విమానంతో, నేల తాకే ముందూ తాకిన తర్వాతా గో అరౌండ్లు చేయించాలి. అందులో సగం కుడి సీటు నుంచి రావాలి. ఎడమ సీట్లో శిక్షకుడు కూర్చుని కావాలని వినిపించుకోకుండా ఉండాలి. కుడి సీటువాడు కంట్రోళ్లు లాక్కునేదాకా పాస్ చెయ్యకూడదు. ఇవాళ కెప్టెన్ అవ్వబోయేవాడికి ఇస్తున్నంత శ్రద్ధ ఫస్ట్ ఆఫీసర్‌గా మొదటిసారి చేరేవాడికి ఇవ్వడం లేదు.

గంటల గురించి కూడా ఒక మాట. మన దేశంలో కమర్షియల్ పైలట్ లైసెన్సుకి 200 గంటలు. అందులో 100 గంటలు తానే పైలట్‌గా, 300 నాటికల్ మైళ్ల దూర ప్రయాణం ఒకటి, ఇన్‌స్ట్రుమెంట్ల మీద 10 గంటలు, రాత్రి 5 గంటలు. అమెరికాలో 2009లో కోల్గన్ అనే సంస్థ విమానం కూలిన తర్వాత ఎయిర్‌లైన్‌లో చేరాలంటే 1500 గంటలు కావాలన్నారు. ఇక్కడా అదే పెట్టాలని టీవీ చర్చల్లో గట్టిగా అంటుంటారు. నేను ఒప్పుకోను. కోల్గన్ విమానంలో ఇద్దరు పైలట్లకీ 1500 కంటే ఎక్కువే ఉన్నాయి. మంగళూరు, కోళికోడ్ కెప్టెన్లకి పదేసి వేల గంటలు దాటాయి. చిన్న విమానంలో ఎండ వేళ ఒకే ఊరి చుట్టూ తిరిగిన వెయ్యి గంటలు ఇద్దరు మనుషుల కాక్‌పిట్‌లో నోరు విప్పడం నేర్పవు. బేగంపేటలో శిక్షణ తీసుకుంటున్న మన పిల్లలున్నారు, ఇల్లు తాకట్టు పెట్టి విదేశాలకి పంపిన తల్లిదండ్రులున్నారు. వాళ్ల నెత్తిన ఇంకో 1300 గంటల ఖర్చు వేస్తే డబ్బున్నవాళ్లే మిగులుతారు, భద్రత అంగుళం కూడా కదలదు. పరీక్ష నిజాయితీగా జరగాలన్నది వేరే సంగతి. 2011లో నకిలీ మార్కుల షీట్లతో లైసెన్సులు తెచ్చుకున్నవాళ్లు పట్టుబడ్డారు. ఒక విమానం ముక్కు చక్రం మీద దిగిందని ఆరా తీస్తే ఆ గుట్టు బయటపడింది.

ఇంక సంస్థల వైపు వస్తాను. విమానంలోని రికార్డరు ప్రతి ప్రయాణాన్నీ అంకెల్లో రాసిపెడుతుంది. ఎంత గట్టిగా దిగారు, ఎక్కడ దిగారు, ఎంత వేగంతో దిగారు, అన్నీ. ఈ సమాచారం ఎలా వాడుతున్నారన్నదే ప్రశ్న. గట్టిగా దిగితే విమానాన్ని తనిఖీకి ఆపాలి, అంటే డబ్బు పోతుంది. కాబట్టి పైలట్‌కి పిలుపొస్తుంది, కొన్నిచోట్ల తయారీదారు చెప్పిన హద్దు కన్నా తక్కువకే వస్తుంది. ఒకసారి పిలిపించుకున్న పైలట్ తర్వాత ఏం చేస్తాడు? మెత్తగా దించాలని తేలుస్తాడు. తేలిస్తే రన్‌వే తింటుంది. ఒక తప్పుని శిక్షిస్తూ అంతకన్నా పెద్ద తప్పుని పెంచుతున్నాం. ఫ్లైట్ సేఫ్టీ ఫౌండేషన్ అధ్యయనం ప్రకారం కుదురుకోని అప్రోచుల్లో, అంటే దిగడానికి రన్‌వే వైపు వచ్చే చివరి ప్రయత్నాల్లో, గో అరౌండ్‌తో ముగిసేవి సుమారు 3 శాతమే. మిగతా 97 దిగిపోతున్నాయి, వాటిలో దాదాపు అన్నీ ఏమీ కాకుండానే. అదే ప్రమాదం. ఏమీ కానప్పుడల్లా ‘నేను సర్దగలను’ అన్న నమ్మకం ఇంకాస్త పెరుగుతుంది. నియంత్రణ సంస్థ ప్రతి ఎయిర్‌లైన్‌నీ అడగాల్సిన అంకె ఇది: కుదురుకోని అప్రోచులు ఎన్ని, వాటిలో గో అరౌండ్ ఎన్ని, అందులో ఫస్ట్ ఆఫీసర్ నోటి నుంచి వచ్చినవి ఎన్ని? మూడో అంకె సున్నా అయితే ఆ సంస్థలో అంతా బాగుందని కాదు, ఎవరూ నోరెత్తడం లేదని.

రోస్టర్, అంటే డ్యూటీ పట్టిక, కూడా దీనిలో భాగమే. కోళికోడ్ కెప్టెన్ మర్నాడు పొద్దున్నే అక్కణ్నుంచి ఇంకో విమానం నడపాలి. అక్కడ కెప్టెన్ల కొరత ఉంది. విమానంలో వేరే ఊరికి పోవడానికి సరిపడా ఇంధనం ఉంది, అయినా అక్కడే దిగాలన్న తపన పనిచేసిందని నివేదిక రాసింది. మేనేజర్ ఫోన్ చేసి ఒత్తిడి పెట్టనక్కర్లేదు, కాగితం మీది డ్యూటీ పట్టికే ఆ పని చేస్తుంది.

2024 జనవరిలో మన విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ పైలట్ల డ్యూటీ గంటల నిబంధనలు మార్చింది. వారపు విశ్రాంతి 36 గంటల నుంచి 48కి, రాత్రి అంటే పొద్దున 6 దాకా, రాత్రి ల్యాండింగులు 6 నుంచి 2కి. సంస్థలు ఒప్పుకోలేదు, అమలు వాయిదా పడింది, ఢిల్లీ హైకోర్టు దాకా వెళ్లాక 2025 జులై, నవంబరుల్లో రెండు విడతలుగా అమల్లోకి వచ్చింది. డిసెంబరులో ఇండిగో విమానాలు వేలల్లో రద్దయ్యాయి. అప్పుడు రాత్రి డ్యూటీ నిబంధనల నుంచి ఆ సంస్థకి తాత్కాలికంగా సడలింపు ఇచ్చారు. విమానాశ్రయాల్లో నేల మీద పడుకున్న ప్రయాణికుల బాధ నిజం. కానీ దాదాపు రెండేళ్ల ముందే ప్రకటించిన నిబంధనకి సరిపడా పైలట్లని పెట్టుకోకపోతే చివరికి సడలింపు దొరుకుతుందన్న సంకేతం వెళ్లింది. భద్రతా నిబంధనకి ఇంతకన్నా చేటు లేదు.

డీజీసీఏని తిట్టడం తేలిక. మంజూరైన పోస్టుల్లో దాదాపు సగం ఖాళీగా ఉన్నాయని పార్లమెంటరీ సంఘమే చెప్పింది. 2014 జనవరిలో అమెరికా విమాన భద్రత పర్యవేక్షణలో మన దేశాన్ని రెండో కేటగిరీకి దించడానికి ఒక కారణం పూర్తికాలపు ఫ్లైట్ ఆపరేషన్స్ ఇన్‌స్పెక్టర్లు లేకపోవడమే. 2015 ఏప్రిల్లో మళ్లీ పైకి తెచ్చుకున్నాం. అనుభవమున్న కెప్టెన్‌ని ఇన్‌స్పెక్టరుగా తేవాలంటే ఎయిర్‌లైన్ ఇచ్చే జీతానికి దగ్గర్లో ఇవ్వాలి. అది ఆర్థిక శాఖ ఫైలు. ఇంకోటి, మంగళూరు తర్వాత 2012లో ఏఏఐబీ అనే దర్యాప్తు సంస్థ వచ్చింది. మంచి అడుగే. కానీ అదీ, డీజీసీఏ, విమానాశ్రయాల అథారిటీ మూడూ ఒకే మంత్రిత్వ శాఖ కింద ఉన్నాయి. రాడార్ పాడైందనో, రన్‌వే చివర భద్రతా ప్రాంతం చాలదనో రాయాల్సివస్తే పక్కింటి మీద రాసినట్టే. అమెరికాలో ప్రమాదాల దర్యాప్తు సంస్థ ఎన్‌టీఎస్‌బీని 1975లోనే రవాణా శాఖ నుంచి విడదీశారు.

రన్‌వే చివర గురించి ఒకరు చీటీ పంపారు: ‘టేబుల్‌టాప్ రన్‌వేలు మూసెయ్యాలా?’ అక్కర్లేదు. అంచు తర్వాత 60 మీటర్ల పట్టీ, దాని తర్వాత కనీసం 90 మీటర్లు, వీలైతే 240 మీటర్ల భద్రతా ప్రాంతం ఉండాలని అంతర్జాతీయ ప్రమాణం. కోళికోడ్ విమానం రన్‌వే చివరకి 84.5 నాట్లతో వచ్చింది, భద్రతా ప్రాంతం దాటేసరికి 41కి తగ్గింది. చోటు లేనిచోట ఇమాస్ వెయ్యొచ్చు. అంటే పెళుసుగా ఉండే నురగ కాంక్రీటు దిమ్మెలు, చక్రాలు అందులోకి దిగబడి విమానం ఆగుతుంది. సాధారణంగా 70 నాట్ల వేగానికి లెక్కగట్టి వేస్తారు. 84తో వచ్చినదాన్ని పూర్తిగా ఆపేదని నేను చెప్పను, ఆఖరి అంచు దగ్గరి వేగం మాత్రం ఇంకా తగ్గేది.

ఇంకో ప్రశ్న. ‘గో అరౌండ్ అయినప్పుడు పైలట్ చాలాసేపు ఏమీ చెప్పరు, లోపల ప్రాణాలు పోతాయి. ఎందుకు?’ మొదట విమానం నడపాలి, తర్వాత దారి చూసుకోవాలి, ఆ తర్వాత కంట్రోలర్‌తో మాట్లాడాలి. మీ వంతు దాని తర్వాత. చక్రాలు లోపలికి, ఫ్లాప్స్ ఒక్కో మెట్టూ, చెప్పిన ఎత్తులో నిలపడం, చెక్‌లిస్టు, ఇంధనం ఎంత ఉంది, మళ్లీ ఇక్కడే ప్రయత్నించాలా వేరే ఊరికి పోవాలా అన్న నిర్ణయం. ఇవన్నీ అయ్యేసరికి మూడు నాలుగు నిమిషాలు పడుతుంది. అప్పుడు వినిపించే గొంతు కాస్త మామూలుగా, విసుగ్గా ఉన్నట్టుంటే, లోపల పని సవ్యంగానే జరిగిందని అర్థం.